ఫొటోషాప్, లైట్‌రూమ్ కొత్త సిస్టంలోకి: పాతది వదిలే ముందు చేయాల్సినవి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. పాత సిస్టంలో విండోస్ 11 ఎక్కించుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆపైది కావాలి. వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా స్టూడియోకు కొత్త సిస్టం తప్పదు. బెంగళూరులో అయితే ఎస్‌పీ రోడ్డుకు వెళ్ళి బోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఎంచుకుని అసెంబుల్ చేయించుకోవడం మామూలే. అక్కడ షాపువాళ్ళు రెండు మాటలు అంటారు. ఒకటి, "పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి, రేటు తగ్గిస్తాం". రెండు, "సాఫ్ట్‌వేర్ ఎల్లా హాకి కొడ్తీవి సార్", అంటే సాఫ్ట్‌వేర్లన్నీ వేసి ఇస్తామని. రెండింటికీ వద్దనే చెప్పండి.

మొదటిది ఎందుకు వద్దంటే, కొన్ని లైసెన్సులను పాత సిస్టం ఆన్ అయి ఉన్నప్పుడే వెనక్కి తీసుకోగలం. మీరు ఏళ్ళుగా చేసుకున్న యాక్షన్లు (ఒక్క నొక్కుతో నడిచే పనుల వరుసలు), ప్రీసెట్లు (దాచుకున్న సెట్టింగులు), లైట్‌రూమ్ క్యాటలాగ్ కూడా అందులో మూలమూలలా ఉంటాయి. రెండోది ఎందుకు వద్దంటే, వాళ్ళు వేసే ఫొటోషాప్ చాలాసార్లు క్రాక్ కాపీ. అది తర్వాత మీ అసలు లైసెన్సును కూడా పనిచేయనివ్వదు. ఎలాగో కింద చెప్తాం. విండోస్, డ్రైవర్లు మాత్రం వేసి ఇమ్మనండి, చాలు.

ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి కొత్తదాంట్లో పేస్టు చేస్తే ఫొటోషాప్ నడవదు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో రాసుకున్న వివరాలు, లైసెన్సు సర్వీసులు ఆ ఫోల్డర్‌లో ఉండవు. డిస్కు మొత్తం క్లోన్ చేసినా అంతే. ఆన్‌లైన్ యాక్టివేషన్ ఉన్న సాఫ్ట్‌వేర్లు చాలావరకు హార్డ్‌వేర్ గుర్తులను చూసి సిస్టంను పోల్చుకుంటాయి. బోర్డు మారితే అది వేరే సిస్టం కిందే లెక్క. కాబట్టి సాఫ్ట్‌వేర్ కొత్తగా డౌన్‌లోడ్ చేసుకోవాలి. మనం మోసుకెళ్ళాల్సింది లైసెన్సు హక్కును, మన చేత్తో చేసుకున్న సరుకును.

ముహూర్తాలున్న నెలలో ఈ పని పెట్టుకోకండి. ఆషాఢంలోనో మూఢంలోనో రెండు రోజులు తీరిక చూసుకుని మొదలుపెట్టండి.

మీ లైసెన్సు ఏ రకం?

అడోబీ నెలవారీ లేదా ఏడాది ప్లాన్ అయితే కంగారు లేదు. ఒక వ్యక్తి ప్లాన్‌లో ఎన్ని సిస్టంలలోనైనా ఇన్‌స్టాల్ చేయొచ్చు, కానీ ఒకేసారి రెండింటిలోనే యాక్టివ్‌గా ఉంటుంది. వాడటం మాత్రం ఒకరే, ఒక సమయంలో ఒక దాంట్లోనే. స్టూడియోలో ఒకటి, ఇంట్లో ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే కొత్తది మూడోది అవుతుంది. పాతదాంట్లో ఫొటోషాప్ తెరిచి, హెల్ప్ మెనూలో సైన్ అవుట్ నొక్కితే ఆ స్థానం ఖాళీ అవుతుంది. పాత బోర్డు కాలిపోయినా నష్టం లేదు. అడోబీ ఖాతా పేజీలో యాక్టివేట్ అయిన డివైజ్‌ల జాబితా ఉంటుంది, అక్కడి నుంచే దాన్ని తీసేయొచ్చు. మూడోదాంట్లో సైన్ ఇన్ అయినప్పుడు కూడా పాతవాటిలో ఒకదాన్ని వదలమని అదే అడుగుతుంది.

ఇక్కడ అసలు చిక్కు ఈమెయిల్ దగ్గర వస్తుంది. ప్లాన్ కొన్నప్పుడు ఎవరి మెయిల్ ఇచ్చారు? మానేసి వెళ్ళిపోయిన ఎడిటర్‌దా, ఇప్పుడు వాడని పాత నంబరుతో ముడిపడినదా? కొత్త సిస్టంలో సైన్ ఇన్ కాగానే కోడ్ ఆ మెయిల్‌కో ఫోన్‌కో వెళ్తుంది. పాత సిస్టంలో ఇంకా లాగిన్ అయి ఉండగానే ఖాతా వివరాల్లో మెయిల్, ఫోన్ నంబరు సరిచూసి మార్చుకోండి. పాత సిస్టం పోయాక అదే పనికి కస్టమర్ కేర్ చుట్టూ తిరగాలి.

కంపెనీ పేరు మీద టీమ్స్ ప్లాన్ ఉంటే లైసెన్సు మనిషి పేరున ఉంటుంది. అడ్మిన్ కన్సోల్‌లో పాత ఉద్యోగి పేరు తీసి కొత్తవాళ్ళ పేరు చేరిస్తే సరిపోతుంది.

సీరియల్ నంబరుతో ఒక్కసారి కొన్న పాత రకం లైసెన్సులది వేరే కథ. అడోబీ సీఎస్6 (క్రియేటివ్ సూట్ 6) 2012లో వచ్చింది, ఆ వరుసలో అదే చివరిది. అందులో హెల్ప్ మెనూలో డీయాక్టివేట్ ఉంటుంది, ఇంటర్నెట్ ఉండగా నొక్కాలి. డిస్కు ఫార్మాట్ కొడితే ఆ యాక్టివేషన్ వెనక్కి రాదు, సర్వర్ లెక్కలో ఆ పాత సిస్టం ఇంకా వాడుతున్నట్టే ఉంటుంది. సీఎస్2, సీఎస్3 యాక్టివేషన్ సర్వర్లను అడోబీ ఎప్పుడో మూసేసింది. సీఎస్ కాలపు లైసెన్సుతోనే నడుస్తున్నవాళ్ళకు మా సలహా ఒకటే: ఆ సిస్టంను కదపకండి. పాత ఫైళ్ళ కోసం దాన్ని అలాగే మూల ఉంచి, కొత్తదాంట్లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. మ్యాక్‌లో అయితే ఇంకో అడ్డు ఉంది. 2019లో వచ్చిన మ్యాక్ఓఎస్ క్యాటలీనా నుంచి 32 బిట్ ప్రోగ్రాములు అసలు నడవవు.

ఇతర కంపెనీల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు, ఫొటోషాప్‌కు తగిలించుకునే నాయిస్ తగ్గించే ప్లగిన్లు, రీటచింగ్ ప్యానెళ్ళకు సాధారణంగా ఇన్ని సిస్టంలు అని పరిమితి ఉంటుంది. లైసెన్సు లేదా అకౌంట్ మెనూలో డీయాక్టివేట్ ఉందేమో ముందు చూడండి, లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో మీ ఖాతాలో వెతకండి. రెండు చోట్లా లేకపోతే సపోర్టుకు రాయాలి. అందులో కొన్న మెయిల్, ఆర్డర్ నంబరు, సీరియల్ నంబరు, పాతది ఎందుకు పనిచేయట్లేదో రాసి, బిల్లు పీడీఎఫ్ జత చేయండి. ఇవి లేకుండా రాస్తే మొదటి జవాబులో ఇవే అడుగుతారు, రెండు రోజులు వృథా. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనో ఆపిల్ యాప్ స్టోర్‌లోనో కొన్నవైతే అదే ఖాతాతో లాగిన్ అయి మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

డాంగిల్ ఉన్నవి

పెళ్ళి ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు, కొన్ని డీటీపీ ప్యాకేజీలు యూఎస్‌బీ డాంగిల్‌తో వస్తాయి. లైసెన్సు మొత్తం ఆ చిన్న ముక్కలోనే ఉంటుంది. పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లో పెట్టడమే మార్పిడి, కానీ డ్రైవర్ కావాలి. డాంగిల్ గుచ్చకముందే డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయండి. కొన్ని డాంగిళ్ళకు ముందే గుచ్చితే విండోస్ తప్పు డ్రైవర్ తగిలించి, ఆ తర్వాత సరైనది ఎక్కించినా పాతదాన్నే పట్టుకు కూర్చుంటుంది. మీ పాత సీడీలోని డ్రైవర్ విండోస్ 11లో పనిచేయకపోవచ్చు, కంపెనీ సైట్ నుంచి కొత్తది తీసుకోండి.

సెంటినెల్ అనే బ్రాండు డాంగిల్ అయితే పరీక్షించడం తేలిక. డ్రైవర్ వేశాక బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్, కోలన్, 1947 అని కొడితే ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులో సెంటినెల్ కీస్ జాబితాలో మీ డాంగిల్ కనిపిస్తే హార్డ్‌వేర్ బాగున్నట్టే, తంటా సాఫ్ట్‌వేర్‌లో ఉంది. పేజీయే రాకపోతే డ్రైవర్ ఎక్కలేదు. పేజీ వచ్చి డాంగిల్ కనిపించకపోతే పోర్టు మార్చండి. క్యాబినెట్ ముందున్న పోర్టులు కాకుండా వెనక బోర్డు మీదే ఉన్నవాటిలో పెట్టండి, హబ్ వద్దు. మరీ పాత ప్రింటర్ పోర్టు డాంగిల్ ఉన్నవాళ్ళు యూఎస్‌బీ కన్వర్టర్ కొని డబ్బు పోగొట్టుకోకండి. అవి ప్రింటర్ల కోసం చేసినవి, డాంగిల్‌తో సరిగా మాట్లాడవు.

లైట్‌రూమ్ క్లాసిక్ క్యాటలాగ్

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, అందుకే నింపాదిగా చదవండి. లైట్‌రూమ్ క్లాసిక్ మీ ఫొటోలను తనలో దాచుకోదు. ఫొటో ఎక్కడుంది, దాని మీద ఏం చేశారు అన్నది మాత్రం క్యాటలాగ్‌లో రాసుకుంటుంది. ఫొటోలు మాత్రమే కాపీ చేసి క్యాటలాగ్ వదిలేస్తే కలర్ కరెక్షన్ పోతుంది. క్యాటలాగ్ తెచ్చుకుని ఫొటోలు వేరే ఫోల్డర్‌లో పెడితే ప్రశ్నార్థకాలు వస్తాయి.

క్యాటలాగ్ ఎక్కడుందో ఊహించకండి. ఎడిట్ మెనూలో క్యాటలాగ్ సెట్టింగ్స్, జనరల్ ట్యాబ్‌లో చోటు కనిపిస్తుంది, పక్కన షో బటన్ నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటుంది. మ్యాక్‌లో ఇది లైట్‌రూమ్ క్లాసిక్ మెనూలో ఉంటుంది. తర్వాత లైట్‌రూమ్ మూసేయండి. మూసేటప్పుడు బ్యాకప్ అడిగితే ఇంటెగ్రిటీ పరీక్ష, ఆప్టిమైజ్ రెండూ టిక్ పెట్టి చేయనివ్వండి. మూసిన తర్వాత ఆ ఫోల్డర్‌లో లాక్ అన్న తోకతోనో వాల్ అన్న తోకతోనో ఫైళ్ళు ఇంకా ఉంటే లైట్‌రూమ్ పూర్తిగా మూతపడలేదని అర్థం. కాసేపు ఆగండి. తెరిచి ఉండగా కాపీ చేసిన క్యాటలాగ్ సగం రాసిన ఖాతా పుస్తకం లాంటిది.

ఆ ఫోల్డర్‌లో ఎల్ఆర్‌క్యాట్ ఫైలు ముఖ్యం. దాని పక్కనే ఎల్ఆర్‌క్యాట్ డేటా అని ఇంకోటి ఉంటుంది, 2021 చివర్లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి ఇది చేరింది. ఏఐ మాస్కుల సమాచారం ఇందులో ఉంటుంది, దీన్ని వదిలేయకండి. ప్రివ్యూస్ ఫోల్డర్ పదుల గిగాబైట్లు ఉండొచ్చు. అది లేకపోయినా లైట్‌రూమ్ మళ్ళీ తయారు చేసుకుంటుంది, టైమ్ పడుతుందంతే. స్మార్ట్ ప్రివ్యూస్ మాత్రం ఒరిజినల్స్ వేరే డిస్కులో ఉన్నప్పుడు పనికొస్తాయి, తెచ్చుకోండి.

కొత్త సిస్టంలో లైట్‌రూమ్ తెరవక ముందే ఒక పని చేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. పాతదాంట్లో ఫొటోలు ఇ డ్రైవ్‌లో వెడ్డింగ్స్ అనే ఫోల్డర్‌లో ఉంటే, కొత్తదాంట్లోనూ అదే అక్షరం, అదే ఫోల్డర్ పేరు ఉంచండి. కార్డ్ రీడరో డీవీడీ డ్రైవో ఆ అక్షరాన్ని తీసుకుని ఉంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానికి వేరే అక్షరం ఇచ్చి, మీ డిస్కుకు ఇ ఇవ్వండి. ఇలా చేస్తే లైట్‌రూమ్‌కు ఇల్లు మారిన సంగతే తెలియదు.

అక్షరం కుదరకపోతే ఫోల్డర్ల మీద ప్రశ్నార్థకం వస్తుంది. ఒక్కో ఫోల్డర్ సరిచేయకండి. అన్నిటికీ పైనున్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్‌తో కొత్త చోటు చూపిస్తే కిందివన్నీ వాటంతట అవే దొరుకుతాయి. పై ఫోల్డర్ జాబితాలో కనిపించకపోతే షో పేరెంట్ ఫోల్డర్ నొక్కండి.

ఈ దశలో రెండు పనులు ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. మిస్ అయిన ఫొటోలను మళ్ళీ ఇంపోర్ట్ చేయకండి. సింక్రనైజ్ ఫోల్డర్ తెరిచి, కనిపించని ఫొటోలను క్యాటలాగ్ నుంచి తీసేసే టిక్ పెట్టి ఓకే నొక్కకండి. రెండోదాంతో ఆ ఫొటోల ఎడిట్లు, వర్చువల్ కాపీలు, కలెక్షన్లలో వాటి చోటు అన్నీ పోతాయి.

పాతదాంట్లో పాత వెర్షన్ ఉంటే కొత్తది క్యాటలాగ్‌ను అప్‌గ్రేడ్ చేస్తానంటుంది. పాత ఫైలు అలాగే ఉంటుంది, పేరు చివర వెర్షన్ నంబరుతో కొత్త ఫైలు తయారవుతుంది. అక్కడి నుంచి రెండు సిస్టంలలో రెండు వేర్వేరు క్యాటలాగ్‌లు. పాతదాంట్లో ఆ తర్వాత చేసిన ఎడిట్ కొత్తదానికి రాదు. కాబట్టి మార్పిడి రోజు నుంచి పాతదాంట్లో కొత్త పని ముట్టుకోకండి. ఇంకోటి, క్యాటలాగ్‌ను నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెడితే లైట్‌రూమ్ క్లాసిక్ తెరవనే తెరవదు. ఫొటోలు అక్కడ ఉండొచ్చు, క్యాటలాగ్ మాత్రం సిస్టంలోని ఎస్ఎస్‌డీలో ఉండాలి.

బ్రిడ్జ్, కెమెరా రా మాత్రమే వాడేవాళ్ళకు ఎడిట్లు రా ఫైలు పక్కన ఎక్స్‌ఎంపీ ఫైళ్ళలో ఉంటాయి. రా ఫైళ్ళతో పాటు అవి కూడా కాపీ అవ్వాలి. కెమెరా రా ప్రిఫరెన్సెస్‌లో డేటాబేస్ అన్నది ఎంచుకుని ఉందేమో చూడండి. అలా ఉంటే పక్కన ఎక్స్‌ఎంపీలు ఉండవు.

ఫొటోషాప్‌లో మీరు చేసుకున్నవి

యాక్షన్స్ ప్యానెల్‌లో సేవ్ యాక్షన్స్ బూడిద రంగులో ఉండి నొక్కనివ్వట్లేదా? మీరు ఒక్క యాక్షన్‌ను ఎంచుకున్నారు. దాని పైనున్న సెట్‌ను, అంటే ఫోల్డర్ గుర్తు ఉన్నదాన్ని ఎంచుకుంటే పని చేస్తుంది. ఏటీఎన్ ఫైలుగా సేవ్ అవుతుంది. ఈ రోజే చేసిన కొత్త యాక్షన్ ఉంటే తప్పకుండా ఇలా సేవ్ చేయండి, ఫొటోషాప్ సక్రమంగా మూతపడితేనే వాటిని తన సెట్టింగ్స్‌లో రాసుకుంటుంది. బ్రష్‌లను కూడా ఎంచుకుని ఎక్స్‌పోర్ట్ చేయండి, ఏబీఆర్ ఫైలు వస్తుంది. షార్ట్‌కట్లు మార్చుకున్నవాళ్ళు ఎడిట్ మెనూలో కీబోర్డ్ షార్ట్‌కట్స్ తెరిచి ఆ సెట్‌కు పేరు పెట్టి సేవ్ చేసుకోండి. లైట్‌రూమ్ ప్రీసెట్ల ఫోల్డర్ ప్రిఫరెన్సెస్‌లో ప్రీసెట్స్ ట్యాబ్ నుంచి నేరుగా తెరుచుకుంటుంది, దాన్నీ కాపీ చేయండి.

ప్లగిన్ల ఫైళ్ళు కాపీ చేయకండి, కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి. క్రియేటివ్ క్లౌడ్ యాప్ ఇప్పటి వెర్షన్‌ను, దానికి ముందు పెద్ద వెర్షన్‌ను మాత్రమే ఇస్తుంది. పాతదాంట్లో ఫొటోషాప్ 2020తో నడిచిన ప్లగిన్ కొత్తదానికి పనికిరాకపోవచ్చు. కొత్త సిస్టం కొనక ముందే మీకు ముఖ్యమైన ప్లగిన్ల కంపెనీ సైట్లు చూసి రండి. ఆపిల్ సిలికాన్ మ్యాక్‌కు మారేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం, ఇంటెల్ కోసం చేసిన ప్లగిన్లు ఇంటెల్ ప్రోగ్రాములను నడిపే రోసెట్టాలో ఫొటోషాప్‌ను తెరిస్తేనే కనిపిస్తాయి.

తెలుగు ఫాంట్లు

విండోస్ ఫాంట్స్ ఫోల్డర్ కాపీ చేశాం కదా అనుకుంటే కొన్ని తప్పిపోతాయి. విండోస్ 10లో 2018 చివరి అప్‌డేట్ నుంచి ఫాంట్ మీద డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కితే అది ఆ యూజర్‌కు మాత్రమే పడుతుంది. ఆ ఫాంట్లు సి డ్రైవ్‌లో యూజర్స్, మీ పేరు, యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. యాప్‌డేటా దాగి ఉంటుంది, వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ ఆన్ చేయండి. రెండు చోట్ల నుంచీ కాపీ చేసుకుని, కొత్తదాంట్లో రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ నొక్కండి.

అనూ లాంటి యూనికోడ్ కాని ఫాంట్లతో చేసిన పాత ఆల్బమ్ పీఎస్‌డీలు (ఫొటోషాప్ ఫైళ్ళు) తెరిచినప్పుడు మోసపోవద్దు. ఫాంట్ లేకపోయినా పేజీ మామూలుగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఫొటోషాప్ పాత బొమ్మనే చూపిస్తుంది. పెళ్ళికూతురి పేరు మార్చబోయేసరికి అక్షరాల స్థానంలో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గజిబిజి వస్తుంది. లేయర్ మీద హెచ్చరిక త్రికోణం ఉంటే ఫాంట్ లేదని గుర్తు. వేరే ఫాంట్ పెడతానంటే ఒప్పుకోకుండా, సేవ్ చేయకుండా మూసేసి, ఫాంట్ వేసి మళ్ళీ తెరవండి. టైప్ 1 ఫాంట్లు వాడి ఉంటే మాత్రం దారి లేదు, 2023 జనవరితో అడోబీ వాటికి మద్దతు ఆపేసింది.

యూనికోడ్ తెలుగులో ఇంకో సమస్య. కొత్తగా వేసిన ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు జరిగి కనిపిస్తే ఫాంట్ తప్పు కాదు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగం చూడండి. కొంచెం పాత వెర్షన్లలో అక్కడ మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఎంచుకుని ఫొటోషాప్ మూసి తెరవాలి. ఆ తర్వాత పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. కన్నడ శుభలేఖలు చేసేవాళ్ళకూ ఇదే మందు.

కాపీ చేయడం

ఒక టెరాబైట్ ఫొటోలు యూఎస్‌బీ 2 పోర్టులో దాదాపు 8 గంటలు పడతాయి. యూఎస్‌బీ 3లో మామూలు హార్డ్ డిస్కుకు రెండున్నర మూడు గంటలు, ఎస్ఎస్‌డీకి 40 నిమిషాల దగ్గర. పాత సిస్టంలో నల్ల పోర్టు వదిలి నీలం పోర్టు వెతకండి. డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 గిగాబైట్ల కంటే పెద్ద వీడియో, పీఎస్‌బీ ఫైళ్ళు ఎక్కవు. విండోస్, మ్యాక్ రెండింటికీ పనికొచ్చే ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకోండి. యూపీఎస్ లేకుండా రాత్రంతా కాపీ పెట్టి పడుకోవద్దు, బెస్కాం కరెంటుకు హామీ ఎవరూ ఇవ్వలేరు. కట్ కాకుండా మూవ్ కాకుండా, కాపీ మాత్రమే చేయండి. అయ్యాక రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ళ సంఖ్య, బైట్ల లెక్క సరిపోల్చండి.

పాతది అసలు బూట్ కాకపోతే డ్రైవ్ తీసి యూఎస్‌బీ అడాప్టర్‌తో చదవొచ్చు. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో డివైజ్‌ల దగ్గర దొరుకుతుంది. పాతది ఇంకా నడుస్తుంటే ఆ కీని ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

యాక్టివేషన్ మొరాయిస్తే

ముందు తేదీ, టైమ్ చూడండి. చాలాకాలం పక్కన పెట్టిన పాత సిస్టంలో బోర్డు మీది సెల్ అయిపోయి తేదీ వెనక్కి పోతుంది, దాంతో సైన్ అవుట్ కూడా ఫెయిల్ అవుతుంది. సీఆర్2032 సెల్ మారిస్తే సరి.

తర్వాత చూడాల్సింది హోస్ట్స్ ఫైలు, ఏ వెబ్ చిరునామా ఎక్కడికి వెళ్ళాలో విండోస్ చూసుకునే జాబితా. క్రాక్ వేసేవాళ్ళు అడోబీ సర్వర్ల చిరునామాలను ఇందులో రాసి అడ్డుకట్ట వేస్తారు. క్రాక్ తీసేసినా ఆ వరుసలు మిగిలిపోతాయి, డబ్బు కట్టి కొన్న లైసెన్సు కూడా సర్వర్‌ను చేరుకోలేదు. విండోస్ ఫోల్డర్‌లో సిస్టం32, డ్రైవర్స్, ఈటీసీ లోపల ఆ ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి అడోబీ పేరున్న వరుసలు తీసేయాలి. ఆ పని ఇష్టం లేకపోతే అడోబీ ఇచ్చే లిమిటెడ్ యాక్సెస్ రిపేర్ టూల్ అదే చేస్తుంది. క్రాక్ కాపీ ఇంకా ఉంటే క్రియేటివ్ క్లౌడ్ క్లీనర్ టూల్‌తో శుభ్రం చేసి, రీస్టార్ట్ చేసి, అసలుది మొదటి నుంచి వేయండి. దానికంటే విండోస్ కొత్తగా ఎక్కించడం తేలికని మా ఉద్దేశం.

అన్నీ పనిచేశాక ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్కును (ఫొటోషాప్ తాత్కాలికంగా వాడుకునే చోటు) వేగమైన ఎస్ఎస్‌డీకి మార్చండి. ఎన్విడియా కార్డు అయితే స్టూడియో డ్రైవర్ వేయండి. మానిటర్ పాతదే అయినా గ్రాఫిక్స్ కార్డు మారింది కాబట్టి క్యాలిబ్రేషన్ మళ్ళీ చేయాలి. ప్రింటు రంగులు సరిపోల్చడానికి ల్యాబ్ ఇచ్చిన ఐసీసీ ప్రొఫైల్ వేసుకోవడం మర్చిపోవద్దు.

పాత సిస్టంను వెంటనే అమ్మకండి. కొత్తదాంట్లో ఒక ఆల్బమ్ మొదటి రా ఫైలు నుంచి ల్యాబ్ ప్రింటు వరకు వెళ్ళి, రంగులు సరిగ్గా వచ్చాకే దాని సంగతి చూడండి. ఇచ్చే ముందు అందులో అన్ని సాఫ్ట్‌వేర్ల నుంచి సైన్ అవుట్ అయి, డాంగిల్ తీసుకుని, విండోస్ రీసెట్‌లో రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకుని క్లీన్ డేటా ఆన్ చేయండి. కస్టమర్ల పెళ్ళి ఫొటోలున్న డిస్కును మాత్రం సిస్టంతో పాటు ఇవ్వకుండా విప్పి మీ దగ్గరే ఉంచుకోవడం మేలు. ఎక్స్ఛేంజ్‌లో డిస్కు లేకపోతే తగ్గే రేటు పెద్దదేం కాదు.